ఉక్కు నగరంలో పచ్చని పండుగలు: అలంకారమా, ఋణస్మరణమా?

హరేలీ పండుగనాడు ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఇంటి గుమ్మానికి రెండు వస్తువులు అమరుతాయి. పశువులు కాసే రౌత్ వచ్చి వేపకొమ్మ గుచ్చి వెళతాడు. కమ్మరి వచ్చి ద్వారబంధానికి ఇనుప మేకు కొట్టి వెళతాడు. ఇల్లాలు వారికి బియ్యమో పప్పో ఇచ్చి సాగనంపుతుంది. అదే ఉదయం రైతు నాగలిని, గునపాన్ని, పారను కడిగి పూజించి బియ్యప్పిండి చీలాలు నైవేద్యం పెడతాడు. గోడల మీద ఆవుపేడతో బొమ్మలు వెలుస్తాయి. పిల్లలు గేడీలనే వెదురు కాళ్ల మీద నిలబడి బురదలో నడుస్తారు. వానలతో పొలం పచ్చబడిన వేళ జరిగే ఈ పండుగలో పచ్చదనానికీ ఇనుముకూ వైరం లేదు. వేపాకు, మేకు కలిసి ఒకే గుమ్మాన్ని కాపాడతాయి.

ఆ మేకు పెరిగి పెరిగి మహా కర్మాగారమైన చోటు భిలాయ్. అక్కడ వేపకొమ్మ స్థానమేమిటన్నది ఆలోచించదగిన ప్రశ్న. భూమిని తవ్వి, ఖనిజాన్ని కరిగించి జీవించే పట్టణం పూల పేరిట, చెట్ల పేరిట, స్థానిక వంటల పేరిట ఉత్సవాలు చేసుకుంటే వాటిని కృతజ్ఞతగా భావించాలా? పోయినదాని మీద కప్పిన పూలదుప్పటిగా భావించాలా? ఈ ప్రశ్న భిలాయ్ ఒక్కదానిదే కాదు. విశాఖ ఉక్కు నగరానికీ, సింగరేణి బొగ్గు పట్టణాలకూ కూడా ఇది వర్తిస్తుంది. అయితే పల్లె పండుగలు, పట్టణపు ప్రదర్శనలు, వలస వచ్చినవారి ఆచారాలు పక్కపక్కనే బతుకుతున్న భిలాయ్‌లో దీని స్వరూపం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

పొలాల మీద లేచిన పట్టణం

భిలాయ్ ఉక్కు కర్మాగార నిర్మాణానికి భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ పట్టణానికి సమీపంలో, వరి పండే పల్లెల నడుమ స్థలాన్ని నిర్ణయించారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశపు రైళ్లు పరుగెత్తే పట్టాలు ఇక్కడే తయారయ్యాయి. స్వతంత్ర భారతం తన కాళ్ల మీద తాను నిలబడగలదన్న విశ్వాసానికి భిలాయ్ ఒక ప్రతీకగా నిలిచింది. ఆ గౌరవం అబద్ధమైనది కాదు.

దాని వెల కూడా అబద్ధమైనది కాదు. కర్మాగారానికి, పట్టణానికి కావలసిన నేల రైతుల పొలాల నుంచి వచ్చింది. ఇనుప ఖనిజం దక్షిణాన ఉన్న దల్లీ-రాజ్‌హరా కొండల నుంచి వచ్చింది. సేద్యం కోసం బ్రిటిష్ పాలనాకాలంలో కట్టిన తాండులా జలాశయపు నీరు కొలిమి దాహాన్ని కూడా తీర్చవలసి వచ్చింది. దల్లీ-రాజ్‌హరా నిల్వలు తరగనారంభించాక దృష్టి బస్తర్ వైపున్న రావ్‌ఘాట్ అడవికొండల మీదికి మళ్లింది. ఉక్కు పట్టణంలోని ప్రతి వస్తువు వెనుకా ఎక్కడో ఒక పొలం, ఒక చెరువు, ఒక కొండ ఉన్నాయి.

ఈ పట్టణాన్ని కట్టిన చేతుల్లో తెలుగు చేతులు చాలా ఉన్నాయి. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు వెళ్లే రైలుమార్గం ఉత్తరాంధ్ర పల్లెలను ఛత్తీస్‌గఢ్‌తో కలిపింది. ఆ దారిన కూలీలు, పనిమంతులు, గుమాస్తాలు, ఇంజనీర్లు కుటుంబాలతో తరలివచ్చారు. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం వారి స్థిరనివాసానికి ఒక గుర్తు. ఈ విధంగా భిలాయ్‌లో ఇద్దరు మనుషులు ఇరుగుపొరుగు అయ్యారు. ఒకరు ఇక్కడ పొలం పోగొట్టుకున్నవారు. మరొకరు ఎక్కడో పొలం వదిలి వచ్చినవారు. ఇద్దరూ ఒకే సైరన్ మోతకు నిద్రలేచారు. క్వార్టర్ల పెరళ్లలో కరివేపాకు, మునగ, అరటి, గోంగూర మొలిచాయి. ఆ పెరటి మొక్కలో ఆకలి కంటే జ్ఞాపకమే ఎక్కువ.

ఒకే తిథి, రెండు పేర్లు

ఇరుగుపొరుగుల పండుగలను పోల్చి చూస్తే ఆశ్చర్యకరమైన విషయాలు బయటపడతాయి. ఛత్తీస్‌గఢ్‌లో మాసం పూర్ణిమతో ముగుస్తుంది. తెలుగువారికి అమావాస్యతో ముగుస్తుంది. అందువల్ల అక్కడివారు శ్రావణ అమావాస్య అని జరుపుకునే హరేలీ, తెలుగు పంచాంగంలో ఆషాఢ అమావాస్య అవుతుంది. దాని తరువాతి అమావాస్య అక్కడ పోలా. ఆనాడు మట్టి ఎద్దులకు చక్రాలు తొడిగి పిల్లలు వీధుల్లో లాగుతారు. ఇళ్లలో ఠేఠరీ, ఖుర్మీ అనే పిండివంటలు చేస్తారు. సరిగ్గా అదే రోజున తెలుగు ఇల్లాలు పోలాల అమావాస్య నోము నోచుకుంటుంది. కంద మొక్కను తెచ్చి, పసుపు కుంకుమలతో పూజించి, బిడ్డల క్షేమం కోరుకుంటుంది. ఆ కందనే ఛత్తీస్‌గఢ్ ఇల్లాలు జిమీకాందా అంటుంది, దీపావళి రోజుల్లో ఇష్టంగా వండుతుంది. ఒక ఇంట దేవత అయిన మొక్క పక్కింట పండుగ కూర అయింది.

కార్తిక శుక్లపక్షం ఇద్దరికీ ఒకటే. శుద్ధ నవమినాడు ఛత్తీస్‌గఢ్ స్త్రీలు ఉసిరిచెట్టు కింద పూజచేసి అక్కడే భోజనం చేస్తారు. దీనిని ఆంవలా నవమి అంటారు. కార్తికంలో ఉసిరి నీడన వనభోజనం చేయడం తెలుగువారికి తరతరాల ఆచారం. బతుకుతెరువు కోసం ఎక్కడికి వెళ్లినా తెలుగు సమాజాలు ఆ ఆచారాన్ని వెంట తీసుకువెళ్లాయి. రెండు భాషల విస్తళ్లు ఒకే చెట్టు కింద పరచుకోగలవు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. చెట్టుకు భాష లేదు కాబట్టి దాని నీడకూ భాష లేదు.

భోజలీ పండుగ దీనిని మరొక మెట్టు పైకి తీసుకువెళుతుంది. శ్రావణ శుక్లపక్షంలో స్త్రీలు బుట్టల్లో మట్టి పోసి గోధుమ గింజలు చల్లి, నీడపట్టున ఉంచి, రోజూ పాటలతో సేవిస్తారు. ఎండ తగలని ఆ మొలకలు పసుపు వన్నెతో పెరుగుతాయి. రాఖీ పూర్ణిమ మరునాడు వాటిని ఊరేగించి చెరువులో నిమజ్జనం చేస్తారు. కొన్ని మొలకలను మాత్రం ఒకరి చెవిలో ఒకరు తురిమి స్నేహం కలుపుకుంటారు. ఆనాటి నుంచి వారు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోరు. ‘భోజలీ’ అనే పిలుచుకుంటారు. ఆ బంధం జీవితాంతం నిలుస్తుంది, కష్టసుఖాల్లో చుట్టరికంతో సమానమవుతుంది. రక్తసంబంధం లేని ఇద్దరిని ఒక మొలక బంధువులను చేస్తుంది. వలస పట్టణానికి ఇంతకంటే అవసరమైన పండుగను ఊహించడం కష్టం.

ప్రదర్శన, పండుగ

భిలాయ్ పట్టణపు తనదైన పూల ఉత్సవం మైత్రీబాగ్ పుష్ప ప్రదర్శన. భారత, సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో ఏర్పడిన ఈ ఉద్యానంలో చలికాలంలో జరిగే ప్రదర్శనకు జనం కుటుంబాలతో తరలివస్తారు. గులాబీలు, డాలియాలు, చామంతులు వరుసలు తీరుతాయి. కూరగాయలు, పూలతో తీర్చిన ముగ్గులు ప్రదర్శనకు వస్తాయి. న్యాయనిర్ణేతలు పరిశీలిస్తారు, బహుమతులు ఇస్తారు.

దీనిని తేలికగా తీసివేయడం న్యాయం కాదు. కొలిమి వేడిలో పనిదినం గడిపిన మనిషి ఇంటికి వచ్చి ఒక డాలియా మొక్కకు నెలల తరబడి నీళ్లు పోయడం చిన్న విషయం కాదు. ఆ ఓర్పు ఒక రకమైన తపస్సే. అయినా ప్రదర్శనకు ఒక పరిమితి ఉంది. అక్కడ పువ్వుకు తరగతి ఉంటుంది, వరుస ఉంటుంది, మార్కులు ఉంటాయి. చూసినవాడు మెచ్చుకుని వెళతాడే తప్ప అతని నుంచి పువ్వు ఏమీ అడగదు. పైగా పార్కులో పూసిన గులాబీ పొలంలో పండిన వరికి బదులు కాజాలదు. నేల పోయిన రైతు కుటుంబానికి ఉద్యానాన్ని చూపి నష్టం తీరిందనడం ధర్మం కాదు.

పండుగ స్వభావం వేరు. పండుగ జరుపుకునేవాడిని ఏదో ఒకటి అడుగుతుంది. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద ఆషాఢంలో జరిగే శాకంబరీ ఉత్సవాలే అందుకు నిదర్శనం. అమ్మవారినీ ఆలయాన్నీ కూరగాయలతో, ఆకుకూరలతో, పండ్లతో అలంకరిస్తారు. చూపులకు అది కళ. అయితే కూరగాయలు కదంబ ప్రసాదంగా మారి భక్తుల విస్తట్లోకి చేరినప్పుడే ఆ కళ పూర్తవుతుంది. తెలంగాణ బతుకమ్మలో తంగేడు, గునుగు వంటి అడవిపూలు రంగుల గోపురమై, పాటలు విని, చివరికి చెరువును చేరుకుంటాయి. భోజలీ మొలకలదీ అదే దారి. ఈ కళారూపాలన్నీ తీసుకున్నదానిని తిరిగి అప్పగిస్తాయి. దాచిపెట్టుకోవు.

పండుగ మనిషిని ఎంత లోతుగా ప్రశ్నించగలదో కమర్‌ఛఠ్ వ్రతం తెలుపుతుంది. పోలాకు కొద్ది రోజుల ముందు, కృష్ణపక్ష షష్ఠినాడు ఛత్తీస్‌గఢ్ తల్లులు బిడ్డల కోసం ఈ వ్రతం చేస్తారు. ఆనాడు నాగలి తగిలిన నేలలో పండినదేదీ తినరు. చెరువుగట్లలో, పల్లపు నేలల్లో దున్నకుండానే మొలిచే పసహర్ బియ్యం, ఆరు రకాల ఆకుకూరలు, గేదెపాలు, పెరుగు మాత్రమే ఆహారం. తెలుగు పల్లెల్లో నివ్వరి ధాన్యమని పిలిచేది ఇటువంటిదే. ఏడాదంతా నాగలి పెట్టిన తిండి తిని, హరేలీనాడు నాగలికి మొక్కి, కొద్ది వారాలు గడిచాక ఒక్క రోజు నాగలి లేని తిండి తినడంలో గొప్ప వివేకం ఉంది. మనిషి శ్రమకు ముందే భూమి ఉందనీ, మనిషి దున్నకపోయినా అది ఎంతో కొంత పెట్టగలదనీ ఆ ఒక్క పూట అంగీకరించడమే ఆ వ్రతం. వైదిక సంప్రదాయం గృహస్థుకు విధించిన పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. తన అన్నంలో ఇతర ప్రాణులకు భాగం తీసిపెట్టడమే దాని సారాంశం. కమర్‌ఛఠ్‌లోనూ ఆ ఋణభావనే మరో రూపంలో కనిపిస్తుంది.

ఇంత చెప్పినా, పల్లె పండుగ సర్వదోషరహితమని భావించరాదు. మేకు కొట్టే కమ్మరికీ, వేపకొమ్మ తెచ్చే రౌత్‌కూ ఇచ్చే బియ్యంలో కృతజ్ఞతతోపాటు కులవృత్తుల కట్టుబాటు కూడా ఉంది. పట్టణపు అంగడిలో పసహర్ బియ్యం ప్రియమైన సరుకైతే, పేద తల్లి నోము భారమవుతుంది. పండుగ పాతది కావడమే దాని నీతికి హామీ కాదు. అదేవిధంగా కొత్తది కావడం దోషమూ కాదు. విశ్వకవి రవీంద్రుడు 1928లో శాంతినికేతన్‌లో వృక్షారోపణ ఉత్సవాన్ని ప్రవేశపెట్టారు. కేంద్ర మంత్రిగా కె.ఎం. మున్షీ 1950లో వనమహోత్సవాన్ని దేశవ్యాప్తం చేశారు. రెండూ ఆధునిక కాలపు పండుగలే. నాటిన మొక్కల లెక్కతో ఆగిపోతే వనమహోత్సవం ప్రదర్శన అవుతుంది; బతికిన మొక్కల లెక్క కూడా అడిగితే పండుగ అవుతుంది.

ఆకుకూర, చద్దన్నం

ఆహారం విషయంలో ఈ భేదం మరింత సూక్ష్మంగా కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ ప్రజలు తమ నేలలో ముప్పయ్యారు రకాల ఆకుకూరలు ఉన్నాయని గర్వంగా చెప్పుకుంటారు. వారు అమారీ అనే ఆకు తెలుగువారి గోంగూరే. చరోటా అనేది వానలకు బీళ్లలో మొలిచే తగిరిస. కర్మత్తా అనేది చెరువుల్లో పెరిగే తూటికూర. ఆంధ్ర దేశం నుంచి గోంగూర గింజలు మూటగట్టుకుని వచ్చిన తల్లి, అదే ఆకు ఇక్కడి సంతలో వేరే పేరుతో అమ్ముతుంటే చూసి ఎంత పొంగిపోయి ఉంటుందో ఊహించవచ్చు.

బోరే బాసీ కథ మరింత ఆలోచింపజేస్తుంది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి, ఉదయం ఉప్పు, ఉల్లిపాయ, మిరపకాయతో తినే ఈ ఆహారం ఎండల్లో ఛత్తీస్‌గఢ్ రైతుకూలీని నిలబెట్టింది. తెలుగునాట ఇది చద్దన్నం. పెద్దల మాటను చద్దన్నం మూటతో పోల్చిన జాతికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. అయినా చదువు, ఉద్యోగం వచ్చాక చద్దన్నం తిన్నామని చెప్పుకోవడానికి సిగ్గుపడిన తరాలు ఉన్నాయి. 2022 మే 1న, కార్మిక దినోత్సవం సందర్భంగా, శ్రామికుల గౌరవార్థం అందరూ బోరే బాసీ తినాలని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం పిలుపునిచ్చింది. మంత్రులు, అధికారులు తిన్నారు, ఛాయాచిత్రాలు వెలువడ్డాయి.

ఇక్కడ రెండు వాదాలకూ బలం ఉంది. కూలివాడి కంచానికి రాజ్యం గౌరవం ఇవ్వడం మంచిదే. సిగ్గు తొలగడం చిన్న లాభం కాదు. కాని ఒకరు ఇష్టపడి ఒక పూట తినే చద్దన్నం, మరొకరు వేరే దారిలేక రోజూ తినే చద్దన్నం ఒకటి కావు. మొదటివాడి కంచంలో రుచి ఉంది. రెండవవాడి కంచంలో చరిత్ర ఉంది. ఆ చరిత్రను తెలుసుకోకుండా రుచిని మాత్రమే పొగిడే ఉత్సవం అతిథి మర్యాద కూడా కాదు. కూలివాడి తిండిని గౌరవించినవారు అతని కూలిని గురించి కూడా ఆలోచించవలసి ఉంటుంది.

ఆ అన్నం వెనుక ఉన్న విత్తనానికీ ఇదే న్యాయం. 1970వ దశకంలో వరి శాస్త్రవేత్త డాక్టర్ ఆర్.హెచ్. రిచారియా రాయ్‌పూర్ కేంద్రంగా రైతుల నుంచి వేలాది దేశవాళీ వరి రకాలను సేకరించారు. అక్కడి ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఇరవై వేలకు పైగా రకాలు భద్రంగా ఉన్నాయి. 2002లో ఒక బహుళజాతి విత్తన సంస్థతో ఈ సంపదకు సంబంధించి కుదరబోయిన ఒప్పందం ప్రజల నిరసనతో ఆగిపోయింది. ఆనాడు నిరసన తెలిపినవారు ఊరేగింపులో పూలదండలు మోయకపోయినా, వారు చేసినది వరిపండుగే. తాతముత్తాతల ఎంపికకు, ఓర్పుకు కలిగిన ఋణాన్ని వారు గుర్తుచేశారు.

ఎర్రగుడి బండ మీది మాట

ఉత్సవాన్ని తూచే తూనికరాయి ఏది? ఈ విషయంలో చరిత్ర ఒక పాత సాక్ష్యాన్ని చూపుతుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోక చక్రవర్తి శిలాశాసనాలు ఉన్నాయి. మొదటి శాసనంలో ఆయన జనం గుమికూడే ‘సమాజ’ ఉత్సవాల్లో దోషం చూశానంటాడు. అయితే కొన్ని ఉత్సవాలు మంచివేనని కూడా ఒప్పుకుంటాడు. ఉత్సవాల్లో మంచిచెడ్డలు విడదీయాలన్న ఆలోచన ఈ నేల మీద అంత పాతది.

అంతకంటే విశేషం ఆ తరువాతి మాట. లోగడ తన వంటశాలలో కూరల కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారనీ, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే చంపుతున్నారనీ, ఆ జింకనైనా ప్రతిరోజూ కాదనీ, ఇకపై ఆ మూడింటినీ చంపబోరనీ ఆ శాసనం తెలుపుతుంది. రెండవ శాసనం మనుషులకూ పశువులకూ మేలుచేసే ఓషధులను లేనిచోట నాటించడం గురించి, దారుల వెంట చెట్లు, బావుల గురించి చెబుతుంది. మొక్క నాటిన సంగతి చెప్పడానికి ముందు రాజు తన వంటింటి లెక్క చెప్పాడు. లోగడ ఎంతో చెప్పాడు, ఇప్పుడెంతో చెప్పాడు, పూర్తిగా మానలేదన్న నిజాన్ని దాచలేదు.

ఉక్కు పట్టణానికి కావలసిన నీతి ఈ క్రమంలోనే ఉంది. ఇనుము లేకుండా బతకడం ఎవరికీ సాధ్యం కాదు. హరేలీనాటి రైతు కూడా అటువంటి అబద్ధం ఆడలేదు. పచ్చని ఉత్సవం చేసుకోవడానికి పట్టణం నిష్కళంకంగా ఉండనక్కరలేదు. తన లెక్కను దాచకపోతే చాలు. ఏ ఊళ్ల నేల మీద నిలిచిందో, ఏ కొండ ఖనిజం కరిగించిందో, ఏ జలాశయం నీరు తాగిందో చెప్పగలిగిన నోటికి పూలను పొగిడే అర్హత ఉంటుంది. ఆ పేర్లు పలకని పొగడ్త అలంకారం.

పేర్లు పలకడమే మొదటి మెట్టని గుర్తించినవారు ఈ ప్రాంతంలోనే ఉన్నారు. దల్లీ-రాజ్‌హరా గని కార్మికులను సంఘటితం చేసిన శంకర్ గుహా నియోగి, ‘మీ అడవిని గుర్తుపట్టండి’ అని అర్థం వచ్చే కార్యక్రమాన్ని కార్మికుల మధ్య నడిపారు. కొండను తవ్వే మనిషి ఆ కొండ మీది చెట్ల పేర్లు, ఉపయోగాలు తెలుసుకోవాలన్నది దాని ఆశయం. ఆయన 1991 సెప్టెంబర్ 28న భిలాయ్‌లో హత్యకు గురయ్యారు. కార్మికుడికి జీతం ఒక్కటే కాక చెట్టు కూడా హక్కేనన్న ఆ భావన మాత్రం నిలిచింది. పేరు తెలిసిన చెట్టును కొట్టేటప్పుడు చేయి ఒక క్షణమైనా ఆగుతుంది. ఉత్సవాల నుంచి ఆశించదగిన ఫలం బహుశా ఆ ఒక్క క్షణమే.

2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం హరేలీని సెలవుదినంగా ప్రకటించింది. సెలవు ఇవ్వడం ప్రభుత్వం చేయగల పని. దానిని ఋణస్మరణగా మలచుకోవడం పౌరులు చేయవలసిన పని. భిలాయ్ క్వార్టర్లలో పుట్టిన పిల్లలకు నాగలి తెలియకపోవచ్చు. కాని ఆనాడు గుమ్మానికి కొట్టిన మేకు ఏ కొండ నుంచి వచ్చిందో, పక్కనే గుచ్చిన వేపకొమ్మ ఏ చెట్టుదో వారు అడగవచ్చు. పెద్దలు రెండింటికీ జవాబు చెప్పగలిగిన ఇంట పండుగ జరిగినట్టే.